సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఎక్కడ దిగాలి, ఎలా తిరగాలి?

టూర్ కంపెనీ వెంట వెళ్లేవారికి ఈ వ్యాసంతో పని లేదు. బస్సు ఎక్కడ ఆగితే అక్కడే వాళ్ల హోటలు. సొంతంగా వెళ్లదలచుకున్నవారు సాధారణంగా చేసే పని ఒకటుంది. ఫోనులో గదులను ధరల వరుసలో పేర్చుకుని, ఫొటోలు బాగున్నవాటిలో చవకది పట్టేస్తారు. చాలా ఊళ్లలో ఆ పద్ధతి చెల్లుతుంది. పీటర్స్‌బర్గ్‌లో చెల్లదు. నెవా నది పాయలుగా చీలి ఫిన్లాండ్ సింధుశాఖలో కలిసేచోట, కొంత గట్టు నేల మీద, కొంత దీవుల మీద కట్టిన ఊరిది. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా, రాత్రి ఒంటిగంట దాటిందంటే ఓడలకు దారివ్వడానికి నెవా వంతెనలను నడిమికి విప్పి పైకెత్తేస్తారు. పూర్తిగా దించేసరికి తెల్లవారుజామున అయిదవుతుంది. కొన్ని వంతెనలను మధ్యలో కాసేపు దించుతారు గానీ దాన్ని నమ్ముకుని బయల్దేరడం అంత మంచిది కాదు. మెట్రో అంతకుముందే, అర్ధరాత్రి ప్రాంతంలో మూతపడుతుంది. ఆ వేళకు ఏ ఒడ్డున ఉన్నారో ఆ ఒడ్డునే తెల్లవారుతుంది.

కాబట్టి ముందు మెట్రో స్టేషనును ఎంచుకోండి. ఆ తర్వాత దాని చుట్టూ పది నిమిషాల నడకలో గది వెతకండి. ధర, ఫొటోలు ఆపై మాట.

గది వెతికే ముందు

2022 మార్చిలో బుకింగ్ డాట్ కామ్, ఎయిర్‌బీఎన్‌బీ రెండూ రష్యాలో సేవలు ఆపేశాయి. మన బ్యాంకులు ఇచ్చే వీసా, మాస్టర్‌కార్డు కార్డులు కూడా ఆ నెల నుంచే అక్కడ పనిచేయడం మానేశాయి: దుకాణంలోనూ, ఏటీఎంలోనూ. కనుక డాలర్లో యూరోలో నగదుగా పట్టుకెళ్లాల్సిందే. విమానాశ్రయంలో ఆ రోజు ఖర్చుకు సరిపడా మార్చుకుని, మిగతాది ఊళ్లో బ్యాంకు శాఖలో పాస్‌పోర్టు చూపించి మార్చుకుంటే మంచి ధర వస్తుంది. నలిగినవి, గీతలున్నవి, ముద్రలు పడినవి కాకుండా కొత్త నోట్లు ఏరి పెట్టుకోండి.

హోటళ్లకైతే ఒస్త్రోవొక్, యాండెక్స్ ట్రావెల్ అనే రష్యా సైట్లు చూడండి. రోజువారీ అద్దె ఫ్లాట్లకు సూతొచ్నొ ఉంది. ఎక్కడ వెతికినా ‘వచ్చాక చెల్లింపు’ ఒప్పుకునే గదులనే వడపోసుకోవాలి, లేకపోతే చివరి మెట్టులో కార్డు దగ్గర ఆగిపోతారు.

వీసా సంగతి బస ఎంపికతో ముడిపడి ఉంది. మామూలు పర్యాటక వీసాకు హోటలు నుంచి ధ్రువీకరణ పత్రం కావాలి. భారతీయులకు అందుబాటులో ఉన్న ఎలక్ట్రానిక్ వీసాకు ఆహ్వానం, హోటల్ బుకింగు అక్కరలేదు. 2025 ఆగస్టు నుంచి దాని మీద 30 రోజుల దాకా ఉండవచ్చు. ఊరి విమానాశ్రయం పుల్కోవో ద్వారా కూడా దాంతో ప్రవేశించవచ్చు. అయితే వీసా ఏదైనా, దేశంలో అడుగుపెట్టాక మీరు ఎక్కడ ఉంటున్నారో వలస విభాగం దగ్గర నమోదు కావాలి. హోటలైతే పాస్‌పోర్టు తీసుకుని ఆ పని తానే చేసేస్తుంది. ఫ్లాటు అద్దెకు తీసుకుంటే బాధ్యత యజమానిది. ఏడు పనిదినాలకు మించి ఉండేటట్టయితే ఆ నమోదు జరిగి తీరాలి. కొందరు యజమానులు ‘అవన్నీ ఎందుకులెండి’ అంటారు. డబ్బు కట్టకముందే సూటిగా అడగండి. తటపటాయించే యజమాని ఇంట్లో పది రోజులు ఉండటం కన్నా హోటలు మేలు.

ఏ పేట మంచిది?

మొదటిసారి వెళ్లేవారికి నేను చెప్పేది ప్లోషద్ వొస్తానియా స్టేషను చుట్టుపక్కలే. మాస్కో నుంచి వచ్చే సప్సాన్ అనే వేగవంతమైన రైలు నాలుగు గంటల్లో తెచ్చి దించే మొస్కోవ్‌స్కీ వోక్జాల్ (వోక్జాల్ అంటే రైల్వే స్టేషను) అక్కడే ఉంది. ఎరుపు లైను స్టేషను ప్లోషద్ వొస్తానియా, ఆకుపచ్చ లైను స్టేషను మయకోవ్‌స్కయా భూగర్భంలోనే కలుస్తాయి. ఊరి ప్రధాన వీధి నెవ్‌స్కీ ప్రాస్పెక్ట్ ఇంటి ముందే. హెర్మిటేజ్ మ్యూజియం దాకా మూడు కిలోమీటర్ల లోపు, ఒకే దారి, తప్పిపోయే ప్రసక్తి లేదు. ఎరుపు లైనులో రెండు స్టేషన్లు వెళితే పుష్కిన్‌స్కయా, అక్కడి వీతెబ్‌స్కీ వోక్జాల్ నుంచి రాజప్రాసాదాలున్న సార్‌స్కొయె సెలోకు లోకల్ రైళ్లు. ఇంకో రెండు స్టేషన్లు వెళితే బల్తీస్కయా, అక్కడి నుంచి ఫౌంటెన్ల ప్యాలెస్ ఉన్న పీటర్‌హోఫ్‌కు. అన్నిటికన్నా ముఖ్యం, నెవ్‌స్కీ ఉన్న ఒడ్డూ విమానాశ్రయం ఉన్న ఒడ్డూ ఒకటే. తెల్లవారుజామున నాలుగింటికి విమానం ఉన్నా వంతెనల గొడవ లేదు. లోటు ఏమిటంటే రైల్వే స్టేషను పేట కాబట్టి రాత్రంతా రద్దీ, చప్పుడు. గది వీధి వైపా, లోపలి వైపా అని అడిగి లోపలిదే తీసుకోండి.

ఇంకొంచెం పడమటికి సెన్నయా, అద్మిరల్తేస్కయా స్టేషన్ల దగ్గర అందమైన కాలువల పక్కన గదులు దొరుకుతాయి. అవి ఖరీదు, రాత్రి నడకకు, కాలువ గట్టు మీద కాలక్షేపానికి బాగుంటాయి. వారం రోజుల పైన ఉండేవారికి ఆ ఖర్చు అనవసరం.

వసీల్యెవ్‌స్కీ దీవిని చాలామంది ఫొటోలు చూసి ఇష్టపడతారు. ఇష్టపడదగిందే. విశ్వవిద్యాలయం, పాత మ్యూజియాలు అక్కడున్నాయి. నిలువుగా సాగే వీధుల్లో ఒక్కో వరుస ఇళ్లకు ఒక్కో ‘లైను’ సంఖ్య ఉంటుంది. అంటే ఒకే వీధికి ఎడమ పక్క ఆరో లైను, కుడి పక్క ఏడో లైను. చిరునామాలో లైను సంఖ్య ఒకటి తప్పు రాసుకుంటే వీధికి అవతలి పక్కన అదే నంబరు ఇంటి ముందు నిలబడతారు. అద్దెలు నెవ్‌స్కీ కన్నా తగ్గుతాయి. కానీ రాత్రి దీవిని నెవ్‌స్కీ ఉన్న ఒడ్డుతో నేరుగా కలిపేది టోల్ కట్టే ఎత్తైన రహదారి ఒక్కటే. 2016 చివర్లో పూర్తయిన ఆ దారిలో వంతెనలు లేవవు, టాక్సీ మీటరు మాత్రం లేస్తుంది. నాటకాలకు, రాత్రి భోజనాలకు ఊళ్లోకి వెళ్లి ఆలస్యంగా తిరిగొచ్చే అలవాటున్నవారు ఈ దీవి జోలికి పోవద్దు. తొమ్మిదింటికల్లా పడుకునే కుటుంబాలకు ఇది హాయి.

పెట్రోగ్రాద్ వైపు అనే పేట కూడా దీవే. పీటర్-పాల్ కోట, కామెన్నొస్త్రోవ్‌స్కీ దారి పొడవునా ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల భవనాలు, నిశ్శబ్దమైన వీధులు. వైద్యవిద్యకు రష్యా వెళ్లిన పిల్లలను చూడటానికి వెళ్లే తెలుగు తల్లిదండ్రులలో కొందరికి ఈ పేటే కావలసి వస్తుంది, ఎందుకంటే పావ్లోవ్ పేరిట ఉన్న వైద్య విశ్వవిద్యాలయం పెట్రోగ్రాద్‌స్కయా స్టేషనుకు దగ్గర. ఈ స్టేషను నీలి లైను మీద ఉంది. విమానాశ్రయం బస్సు దించే స్టేషనూ అదే లైను మీదిది. రైలు మారకుండా నేరుగా చేరవచ్చు. పెద్ద సూట్‌కేసులతో దిగిన అమ్మానాన్నలకు ఈ ఒక్క సౌకర్యం చాలు.

ఇక దక్షిణాన మొస్కోవ్‌స్కయా, పార్క్ పొబేది. స్టాలిన్ కాలపు భారీ భవనాలు, వెడల్పాటి రోడ్లు, సూపర్ మార్కెట్లు. చూడటానికి వచ్చిన ఊరు ఇది కాదనిపిస్తుంది. కానీ నీలి లైనులో పావుగంటలో నెవ్‌స్కీ, బస్సులో అరగంట అటూ ఇటూగా విమానాశ్రయం, వంతెనల బెడద లేదు, గదులు చవక. పిసినారితనం కాకపోయినా లెక్క తెలిసినవాళ్లు ఇక్కడే దిగుతారు. ఒక జాగ్రత్త: మొస్కోవ్‌స్కయా మెట్రో స్టేషను వేరు, మాస్కో రైళ్లు ఆగే మొస్కోవ్‌స్కీ వోక్జాల్ వేరు. రెంటికీ మధ్య కిలోమీటర్ల దూరం. బుకింగు పేజీలో ‘మొస్కోవ్‌స్కీ దగ్గర’ అని కనిపిస్తే ఏదో తేల్చుకుని గానీ డబ్బు కట్టకండి.

ఈ అయిదింటికీ అవతల, మెట్రో చివరి స్టేషన్ల దగ్గర ఇరవై అయిదంతస్తుల కొత్త అపార్టుమెంట్లలో మెరిసే ఫ్లాట్లు సగం ధరకే కనిపిస్తాయి. వద్దు. మెట్రో దిగాక ఇంకో బస్సు ఎక్కాలి, చలికాలంలో ఆ బస్సు కోసం బురద మంచులో నిలబడాలి.

హోటలా, చిన్న హోటలా, ఫ్లాటా?

పెద్ద హోటలు గురించి చెప్పేదేమీ లేదు; డబ్బుంటే దిగండి, నమోదు, సామాను, టాక్సీ అన్నీ వాళ్లే చూసుకుంటారు. అసలు పోటీ చిన్న హోటలుకూ ఫ్లాటుకూ మధ్యే.

పీటర్స్‌బర్గ్ చిన్న హోటళ్లలో చాలా వరకు పాత నివాస భవనంలో ఒక అంతస్తును పట్టుకుని నడిపేవే. బయట బోర్డు ఉండకపోవచ్చు, ఉన్నా అరచేయంత పలక. వీధిలోంచి కమాను కిందకు వెళితే ఇనుప గేటు, దానికొక కోడు. లోపల నాలుగు వైపులా ఆరేసి అంతస్తుల గోడలు లేచిన చిన్న పెరడు. ఆకాశం పైన చతురస్రంగా కనిపిస్తుంది. ఆ పెరటి వెనక ఇంకో పెరడు. అందులో రెండు మూడు ద్వారాలు, ఒక్కోదాని మీద ఫ్లాటు నంబర్ల పలక, పక్కన బొత్తాల పెట్టె. రాత్రి పదకొండింటికి, ఫోనులో నెట్ లేకుండా ఈ వరుసంతా దాటాలంటే ముందే సిద్ధమై ఉండాలి. గేటు కోడు, ఎన్నో పెరడు, ఎన్నో ద్వారం, బొత్తాల పెట్టెలో నొక్కాల్సిన అంకె: ఈ నాలుగూ బుకింగు రోజే అడిగి కాగితం మీద రాసుకోండి. చిరునామాలో ఇంటి నంబరు తర్వాత ఒక అక్షరం ఉంటే దాన్నీ వదలకండి, అదే ఆవరణలోని వేరే భవనాన్ని చూపేది అదే. అంతస్తుల లెక్క కూడా మనది కాదు. అక్కడ మొదటి అంతస్తు అంటే నేలమట్టానిదే. కాబట్టి అయిదో అంతస్తు అంటే మన నాలుగోది. సంతోషించాల్సిన పని లేదు, పాత భవనాల్లో చాలా వాటికి లిఫ్టు ఉండదు, ఒక్కో అంతస్తు ఎత్తూ ఎక్కువే. మోకాళ్ల నొప్పులున్నవారు వెంట ఉంటే మొదటి ప్రశ్న లిఫ్టు గురించే అడగాలి.

ఫ్లాటుకూ దారి ఇలాగే ఉంటుంది, కాకపోతే లోపల వంటగది దొరుకుతుంది. శాకాహారులకు ఇది చిన్న సంగతి కాదు. పక్క వీధి దుకాణంలో బియ్యం, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, పెరుగు దొరుకుతాయి. కరివేపాకు, పచ్చడి, పప్పుపొడి ఇంటి నుంచే రావాలి. నలుగురున్న కుటుంబానికి రెండు హోటలు గదుల కన్నా ఒక ఫ్లాటు చవక కూడా. ప్రతికూలం మూడు మాటల్లో: నమోదు, బయానా, వేడినీళ్లు. మొదటిది పైన చెప్పాను. బయానాగా యజమాని కొంత నగదు పట్టి ఉంచుతాడు, వెళ్లేటప్పుడు తిరిగిస్తాడు. లోపలికి వెళ్లగానే ఉన్న గీతలు, మరకలు ఫొటోలు తీసి అతనికే పంపండి. మూడోది మనవాళ్లు ఊహించనిది. ఊరంతటికీ వేడినీళ్లు కేంద్రీయంగా గొట్టాల్లో వస్తాయి, వేసవిలో మరమ్మతుల కోసం ఒక్కో ప్రాంతానికి రెండు వారాల దాకా ఆపేస్తారు. ఫ్లాటులో సొంత బాయిలరు ఉందా అని అడగండి. జూన్‌లో కూడా అక్కడి చన్నీళ్లు మన డిసెంబరు నీళ్లలా ఉండవు, ఇంకా ఘోరం.

హాస్టళ్లు ఒంటరి కుర్రాళ్లకు పరవాలేదు. నమోదు చేస్తారా అని మాత్రం ముందే తేల్చుకోవాలి.

మెట్రో, బస్సు, టాక్సీ, కాళ్లు

మెట్రో ముందు మిగతావన్నీ దిగదుడుపే. 1955లో మొదలైన ఈ మెట్రోలో ఎంత దూరం వెళ్లినా ఒకే ఛార్జీ. నేల బురదనేల కావడంతో స్టేషన్లు బాగా లోతున తవ్వారు. అద్మిరల్తేస్కయా 86 మీటర్ల లోతులో ఉంది, దాని పెద్ద ఎస్కలేటరు మీదే దాదాపు మూడు నిమిషాలు గడుస్తాయి. ‘స్టేషను పక్కనే’ అనుకున్న గది నుంచి రైలెక్కేదాకా లెక్కవేసేటప్పుడు ఈ సమయం కలుపుకోవాలి.

మొదటిసారి ఎక్కినవారిని కంగారుపెట్టేది మరొకటి. మొస్కోవ్‌స్కయా, పెట్రోగ్రాద్‌స్కయా, మయకోవ్‌స్కయా, వసీలెఓస్త్రోవ్‌స్కయా లాంటి కొన్ని స్టేషన్లలో పట్టాలకూ ప్లాట్‌ఫారానికీ మధ్య గోడ ఉంటుంది. రైలు ఆగుతుంది, కిటికీలోంచి చూస్తే గోడే. రైలు తలుపుకు ఎదురుగా గోడలోని ఇనుప తలుపు తెరుచుకుంటుంది, జనం దిగిపోతారు. స్టేషను పేరు లోపలి నుంచి కనబడదు. నేను పైన చెప్పిన బస పేటల్లో చాలా వాటికి స్టేషను ఇలాంటిదే. ఎక్కేముందు ఎన్నో స్టాపులో దిగాలో లెక్క పెట్టుకోండి, ప్రకటన వినండి.

పొదొరోజ్నిక్ అనే కార్డు స్టేషను కౌంటరులోనే దొరుకుతుంది, స్టేషను యంత్రాల్లో నగదుతో నింపుకోవచ్చు. విడి టికెట్టు కన్నా ప్రయాణం చవక పడుతుంది, బస్సుకూ ట్రాముకూ అదే కార్డు. మనిషికొకటి తీసుకోండి. ఇంకో మాట: ఎస్కలేటర్ల మరమ్మతు కోసం ఒక్కో స్టేషనును నెలల తరబడి మూసేయడం అక్కడ మామూలే. గది బుక్ చేసేముందు మీ స్టేషను తెరిచే ఉందో లేదో చూసుకోవడం మరవకండి.

విమానాశ్రయానికి మెట్రో లేదు. పుల్కోవో నుంచి 39వ నంబరు బస్సు, దాని ఎక్స్‌ప్రెస్ రూపం మొస్కోవ్‌స్కయా దాకా వస్తాయి. అక్కడి నుంచి వొస్తానియాకు వెళ్లాలంటే నీలి లైనులో తెహ్నొలొగీచెస్కీ ఇన్‌స్టిట్యూట్ దాకా వచ్చి, దిగి, ఎదుటి ప్లాట్‌ఫారం మీదకొచ్చే ఎరుపు లైను రైలెక్కితే చాలు. మెట్లెక్కే పని లేదు.

బస్సులు 2022 వేసవిలో బాగుపడ్డాయి. పాత ప్రైవేటు మినీబస్సులను తీసేసి, లేత నీలం రంగు కొత్త బస్సులు తెచ్చారు. నెవ్‌స్కీ మీద ట్రాలీబస్సులు వరుసగా తిరుగుతాయి; కాళ్లు నొప్పిపుడితే రెండు స్టాపులకైనా ఎక్కేయవచ్చు. ఊరు చూడటానికి ఎక్కాల్సింది మాత్రం ట్రాము; మూడో నంబరు సదోవయా వీధి వెంట వచ్చి త్రోయిత్స్‌కీ వంతెన మీదుగా నెవాను దాటుతుంది. అదే దృశ్యానికి పడవవాళ్లు తీసుకునే డబ్బుతో పోలిస్తే ఇది ఉచితం కిందే లెక్క.

టాక్సీకి యాండెక్స్ గో. ఇంట్లో ఉండగానే డౌన్‌లోడ్ చేసి, భారతీయ నంబరుతో నమోదు చేసుకుని, చెల్లింపు ‘నగదు’ అని మార్చి పెట్టుకోండి. విదేశీయులకు అక్కడి సిమ్ కార్డు ఇవ్వడానికి 2025 నుంచి బయోమెట్రిక్ నమోదు లాంటి షరతులున్నాయి, వారం రోజుల పర్యాటకుడికి ఆ తతంగం దండగ. పైగా మొబైల్ నెట్ అప్పుడప్పుడు ఆగిపోతోంది. అందుకని ఊరి మ్యాపును ఫోనులో ముందే దించుకోవాలి, గదిలోని వైఫై ఉన్నప్పుడే టాక్సీ పిలవాలి. విమానాశ్రయం తలుపు దగ్గర ‘టాక్సీ, టాక్సీ’ అంటూ చుట్టుముట్టేవారితో బేరమాడటం శుద్ధ దండగ. రెట్టింపుకు పైగా చెబుతారు.

కాలాన్ని బట్టి

జూన్ రెండో వారం నుంచి జులై మొదలు దాకా తెల్లని రాత్రులు. గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది; జూన్‌లో జరిగే ఆర్థిక సదస్సు రోజుల్లో మరీను. అప్పుడే వెళ్లాలనుకుంటే నెలల ముందే బుక్ చేయండి, కిటికీలకు మందపాటి తెరలున్నాయా అని అడగండి. రాత్రి పన్నెండింటికి కూడా వెలుతురే. మే చివరి వారం, సెప్టెంబరు మొదటి సగం నాకు నచ్చిన రోజులు. డిసెంబరులో పగలు ఆరు గంటలే, గదులు కారుచవక. మెట్రోకు పది నిమిషాలన్న నా లెక్కను అప్పుడు అయిదుకు తగ్గించండి.

ఇద్దరే వెళ్లి నాలుగైదు రోజులు ఉండేటట్టయితే వొస్తానియా దగ్గర చిన్న హోటలు, మెట్రో, కాళ్లు. పిల్లలతో వారం దాటితే పార్క్ పొబేది దగ్గర బాయిలరున్న ఫ్లాటు, నమోదు చేయించే యజమాని. చదువుకునే బిడ్డను చూడబోయేవారు బిడ్డ ఉండే ఒడ్డునే దిగండి, ఊరు తర్వాత చూడవచ్చు. అర్ధరాత్రి దాటాక పుల్కోవోలో దిగేవారు మొదటి రాత్రికి మొస్కోవ్‌స్కయా దగ్గర హోటలు తీసుకుని, మర్నాడు అసలు గదికి మారండి. మాస్కో నుంచి రాత్రి రైలులో వచ్చేవారికి ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. 23:55కు బయల్దేరే క్రాస్నయా స్త్రెలా ఉదయం 7:55కు చేరుస్తుంది, గదులేమో మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరు. హోటలైతే సామాను అక్కడ పెట్టుకోనిస్తారు. ఫ్లాటు తీసుకున్నవారు మొస్కోవ్‌స్కీ వోక్జాల్‌లోనే సామాను భద్రపరిచే గదిలో పెట్టి, రసీదును పాస్‌పోర్టుతో కలిపి దాచుకోండి.